ఏడో తాడు

ఏడు సరి సంఖ్య కాకపోవడం కోమల తప్పు కాదు. అయినా శిక్ష మాత్రం ఆమెకే పడింది.

సోమవారం సాయంత్రం యువజన సంఘం రేకుల షెడ్డులో, దూలానికి బిగించిన ఇనుప కొక్కెం నుంచి ఎనిమిది రంగుల తాళ్లు వేలాడుతున్నాయి. ఏడింటిని ఏడుగురు ఆడవాళ్లు పట్టుకున్నారు. ఎనిమిదోది ఒట్టిగా ఊగుతోంది. అది జట్టులో ఎనిమిదో ఆమె అండాలు తాడు. అండాలుకు నెలలు నిండుతున్నాయి, ఇక ఎగరొద్దని చెప్పి పుట్టింటికి పంపించింది కోమలే. ఊరి సబ్‌సెంటర్లో నర్సు కాబట్టి చెప్పక తప్పలేదు. కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నట్టయింది.

"జడ కోలాటమంటే జోడీల ఆట, సిస్టరమ్మా," అన్నాడు పరశురాం. మక్తల్ నుంచి సైకిల్ మోటార్ మీద వచ్చి నేర్పిపోయే గురువు. చేతిలో తాళాలు పట్టుకొని కోమల వైపు కాక తాళ్ల వైపు చూస్తూ మాట్లాడాడు. "నలుగురు ఇటు తిరగాలె, నలుగురు అటు తిరగాలె. ఎదురైనామెను ఒకపారి లోపటికెల్లి, ఒకపారి బయటికెల్లి దాటాలె. గట్లయితేనే పైన జడ పడుతది. ఏడుగురైతే ఒకామెకు ఎదురు ఎవలుంటరు? కోల ఎవలకు కొడ్తది?"

"మరి ఆరుగురైతే?" అంది సుహాసిని. ఎరువుల దుకాణం వాళ్ల కోడలు. మహిళా సంఘానికి పెద్ద, ఈ జట్టుకు కూడా పెద్ద.

"ఆరుగురైతే రందే లేదు."

ఎవరు ఆగాలో ఎవరూ అనలేదు. అందరూ సుహాసిని ముఖం చూశారు. సుహాసిని తన తాడు కొసను వేలికి చుట్టుకుంటూ, "సిస్టర్‌కు డ్యూటీ ఉంటది గద. ఆదివారం పొద్దంతా పాలమూరుల పోటీలంటే ఆమెకే తిప్పలు. ఆఖర్ల చేరింది కూడా," అంది. ఎంతో జాలిగా అంది.

ఆదివారం సబ్‌సెంటర్‌కు సెలవు. ఆ సంగతి అక్కడున్న ఏడుగురికీ తెలుసు. ఈ రెండు నెలల్లో కోల కోల తగిలినప్పుడల్లా సుహాసిని కోల తన కోలను కొసన మాత్రమే తాకి వెనక్కి పోవడమూ కోమలకు తెలుసు. ఇదే సుహాసిని మనవరాలికి మొదటి సూది వేసింది కోమల చెయ్యే. సూదికి పనికొచ్చిన చెయ్యి కోలకు పనికి రాలేదు. తాడు వదిలి, కోల గోడకు ఆనించి ఇంటికి వచ్చేసింది.

భర్త విజేందర్ బస్సు డిపోలో డ్యూటీ దిగి వచ్చి గ్రీజు చేతులు కడుక్కుంటున్నాడు. విన్నాడు. "ఇడిసిపెట్టు. వాళ్లతోని మనకేంది? మన వాడకట్టోళ్లు వాళ్ల షెడ్డుల తాడు వట్టుడే వాళ్లకు కండ్లమంట," అన్నాడు.

విడిచిపెట్టవచ్చు. కానీ కోమలను కొరుకుతున్నది ఆ ఒక్కటే కాదు. ఏడుగురితో జడ పడదని గురువు అన్నాడు. ఎందుకు పడదు? ఆయన చెప్పింది కారణమేనా, లేక అలవాటా? ఈ ప్రశ్న అన్నం తింటుంటే కూడా పంటి సందున ఇరుక్కున్న పీచులా వదల్లేదు. పదో తరగతిలో లెక్కలు గట్టెక్కితే చాలని మొక్కుకున్న మనిషికి ఇదేం దురదో ఆమెకే అర్థం కాలేదు.

మంగళవారం పొద్దున సబ్‌సెంటర్ తాళం తీయగానే చేసిన మొదటి పని, సెలైన్ స్టాండును గది మధ్యకు లాగడం. కట్టుగుడ్డ చుట్టను కత్తిరించి ఏడు పేలికలు చేసి స్టాండు కొక్కేనికి ముడేసింది. ఒకదానికి గోధుమరంగు గాయాల మందు పూసింది. అది తన తాడు.

ఆశా కార్యకర్త పుల్లమ్మ బీపీ మిషను తుడుస్తూ చూసింది. కోమల కంటే పదేళ్లు పెద్దది, కోమల వాళ్ల వాడకట్టు మనిషే. "ఏంది సిస్టర్, స్టాండుకు పెండ్లి జేస్తున్నవా?"

"నువ్వు జర గివి పట్టుకో."

నాలుగు పేలికలు ఇటు, మూడు పేలికలు అటు తిప్పి చూసింది. మొదటి చుట్టు బాగానే పడింది. రెండో చుట్టుకు ఒకచోట రెండు పేలికలు పక్కపక్కనే ఒకే దిక్కు పోయి, జడ ఒక పక్క ఉబ్బింది. విప్పి, ఇంకోచోట నుంచి మొదలుపెట్టింది. ఉబ్బు ఇంకో పక్కకు వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టినా ఆ ఉబ్బు చోటు మారుతోంది కానీ పోవడం లేదు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలామె కుర్చీలో కూర్చొని, "బిడ్డా, గా కట్లు నాకేనా?" అని భయంగా అడిగింది.

మధ్యాహ్నానికి పరశురాం చెప్పింది నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. రెండు దిక్కులుగా తిరిగే ఆటలో ఏడు ఇమడదు. ఒకరికి ఎప్పుడూ జోడీ ఉండదు. ఏడును రెండుగా విరిస్తే మిగిలే ఆ ఒకటిని ఏ మూల దాచినా అది బయటికి వస్తుంది. కోమలకు ఏడుపొచ్చినంత పనైంది. సుహాసిని మీది కోపమంతా పేలికల మీద చూపించి, అన్నిటినీ ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది పుల్లమ్మ. "గురువుకే లేని ఫికరు నీకేంది?" అంటూనే పేలికల ఉండను బుట్టలోంచి తీసి, దులిపి, బల్ల మీద పెట్టింది.

బుధవారం పొద్దున కూతురు భాగ్యశ్రీ బడికి తయారవుతోంది. ఏడో తరగతి పిల్ల. రెండు జడలు లేనిదే బడిలోకి రానివ్వరు. కోమల గడప మీద కూర్చొని పిల్లను మోకాళ్ల మధ్య ఇరికించుకొని దువ్వుతోంది. మనసు మాత్రం స్టాండు దగ్గరే ఉంది.

"అమ్మా, గుంజుతున్నవ్! నొస్తాంది."

"ఒక్కకాడ ఉండవు గద నువ్వు."

కుడి పాయను మధ్యకు వేసింది. ఎడమ పాయను మధ్యకు వేసింది. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. ఎన్నో ఏళ్లుగా రోజూ వేస్తున్న జడే. చేతులు వాటంతట అవే పోతున్నాయి. సగం జడలో చేతులు ఆగిపోయాయి.

మూడు పాయలు.

మూడు సరి సంఖ్యా? జడ ఎవరు వేసుకున్నా మూడు పాయలతోనే వేసుకుంటారు. నాలుగు పాయల కోసం ఎవరూ వెతుక్కోరు, ఒక పాయను పీకి రెంటితో అల్లరు. షెడ్డులో ఏడుగురు ఆడవాళ్లు, ఏడుగురికీ వీపు మీద మూడు పాయల జడ. అయినా పొద్దుగూకేదాకా నిలబడి, బేసి అయితే జడ పడదంటే తలలూపారు. తాను కూడా ఊపింది!

కోమలకు నవ్వు ఆగలేదు. భాగ్యశ్రీ వెనక్కి తిరిగి, "ఏమైందమ్మా? బస్సు పోతది," అని చిరాకుపడింది. ఒక జడ బిగుతుగా, ఒక జడ వదులుగా వేయించుకొని పిల్ల బడికి పోయింది.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. మూడు పాయలతో పడే జడ ఏడు పేలికలతో పడలేదు. 'అంచున ఉన్నదాన్ని మధ్యకు వెయ్యి' అంటే మూడింటిలో మధ్య ఏదో కళ్లకు కనిపిస్తుంది. ఏడింటిలో మధ్య ఎక్కడ? ఒకసారి రెండింటిని దాటించింది, ఒకసారి నాలుగింటిని. ఎక్కడికక్కడ చిక్కు పడింది. టీకాల డబ్బాలో ఐసు మార్చడం మరిచిపోబోయి, పుల్లమ్మ గుర్తుచేస్తే నాలుక్కరుచుకుంది. తన మీద తనకే కోపం వచ్చింది. పొట్ట చీల్చి పుట్టించిన బిడ్డలను చూసింది, కుట్లు వేసింది, ఏడు గుడ్డ పేలికల ముందు మాత్రం చేతులు కట్టేసినట్టయింది.

మళ్లీ మూడుకే వచ్చింది. మూడు పేలికలు మాత్రం కట్టి, చేతులను పోనివ్వకుండా, ఒక్కొక్క అడుగూ ఆపి చూసింది. ఎడమ చేతిలో రెండు, కుడి చేతిలో ఒకటి. ఎడమ అంచుది తన పక్కదాన్ని దాటి కుడి చేతిలోకి పోయింది. ఇప్పుడు ఎడమన ఒకటి, కుడిన రెండు. ఇప్పుడు కుడి అంచుది దాటింది. మళ్లీ ఎడమన రెండు, కుడిన ఒకటి.

మధ్య అనేది ఒక చోటు కాదు. రెండు గుంపుల నడుమ సందు. రెండూ ఒకటీ అయితే మూడు. మరి నాలుగూ మూడూ అయితే?

ఎడమన నాలుగు పేలికలు, కుడిన మూడు పట్టింది. ఎడమ అంచున ఉన్న గోధుమరంగు పేలిక తన వైపున్న మూడింటి ముందు నుంచి దాటి, కుడి గుంపులో లోపలి కొసన చేరింది. ఇప్పుడు కుడిన నాలుగు. కుడి అంచుది తన వైపున్న మూడింటిని దాటి ఎడమకు వచ్చింది. చేతులు మెల్లగా, తర్వాత వడిగా నడిచాయి. ఉబ్బు లేదు. పలచగా, వెడల్పుగా, చాపలాంటి జడ పేలికల్లోంచి దిగుతోంది. గోధుమరంగు పేలిక లోపలికి పోయి, మెల్లగా అంచుకు జరిగి, మళ్లీ దాటుతోంది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా చదవలేదు. దానంతట అది ఇట్లానే ఉంది, తాను పోయి చూసింది. ఇంత సంతోషం జీతం పెరిగిన నాడు కూడా కలగలేదు.

"దొరికింది పుల్లమ్మక్కా!"

"ఏం దొరికింది? ఐసు పెట్టె తాళంచెవా?"

ఆ సాయంత్రమే పేలికలతో షెడ్డుకు పోయింది. ఆరుగురు ఆడుతున్నారు. పరశురాం తాళాలు ఆపాడు. కోమల పేలికలను కిటికీ ఊచకు కట్టి, అల్లి చూపించింది. గుర్వమ్మ అనే పెద్దామె, "ఔ మల్ల, పడింది!" అని దగ్గరికి వచ్చింది.

"జడైతే ఎవలైనా అల్లుతరు సిస్టరమ్మా," అన్నాడు పరశురాం. "విప్పి చూపెట్టు. విప్పుడే ఆట."

విప్పడం గురించి కోమల ఆలోచించనే లేదు. వాళ్ల ఆటలో విప్పడమంటే అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నడవడమే. అదే అలవాటు చేతుల్లో ఉంది. అల్లినప్పుడు అంచుది కదిలింది కదా అని, ఇప్పుడూ అంచుదాన్నే పట్టుకొని అటు నుంచి ఇటు దాటించింది. రెండో పేలికకే ముడి బిగిసింది. గుంజితే ఇంకా బిగిసింది. ఏడుగురి కళ్లు తన వేళ్ల మీదే ఉన్నాయి. చెమట కారి కంట్లో పడింది.

సుహాసిని ఏమీ ఎగతాళి చేయలేదు. "పాపం, మస్తు కష్టపడ్డది," అంది. "సరే, మనం కానిద్దాం. పొద్దు పోతాంది."

ఎగతాళి చేసినా బాగుండేది. కోమల కిటికీకి కట్టిన పేలికలను విప్పడానికి కూడా రాక, పళ్లతో తెంపుకొని బయటపడింది. దారి పొడవునా తనను తాను తిట్టుకుంది. ఇంత తెలివిమాలిన పని ఎట్లా చేసింది? జడ వేయడం ఒక్కటే తెలుసు అనుకుంది, రోజూ సాయంత్రం పిల్ల జడ విప్పుతున్నదీ తనే కదా?

గురువారం టీకాల రోజు. పసిపిల్లల ఏడుపులతో సబ్‌సెంటర్ హోరెత్తింది. చివరి తల్లి కూడా పోయేసరికి మధ్యాహ్నం దాటింది. కోమల చేతులు కడుక్కొని స్టాండు వైపు చూడకుండా కుర్చీలో కూలబడింది. పుల్లమ్మే స్టాండును ముందుకు లాగింది. కొత్త పేలికలు కట్టి ఉన్నాయి.

"నువ్వు కట్టినవా?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లాయె. నిమ్మళం ఎట్లుంటవు?" అంటూ ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, కోమలతో కొంచెం జడ అల్లించింది. "చెప్పు. ఆఖర్ల దాటింది ఏది?"

"గిది."

"మరి అదే గద ముందుగాల ఎనుకకు పోవాలె? ఇంట్ల ఆఖర్ల వచ్చినామె వాకిలి కాడ ఉంటది. అందరికంటే ముందు ఆమె బయటికి పోతేనే కడమోళ్లకు తొవ్వ."

కోమల ఆమె ముఖం వైపు చూసింది. ఆఖర్ల వచ్చింది ముందు పోవాలి. సుహాసిని కూడా సోమవారం అదే అంది. ఇక్కడ మాత్రం ఆ మాట సరైన చోట పడింది. అల్లేటప్పుడు అంచున ఉన్నది కదులుతుంది, విప్పేటప్పుడు లోపలి కొసన ఉన్నది వచ్చిన దారినే తిరిగి పోతుంది. ఒక్కొక్కటిగా విప్పింది. ఏడు పేలికలూ విడివిడిగా వేలాడాయి.

ఇద్దరూ ఒకసారి అల్లి, ఒకసారి విప్పి చూశారు. పుల్లమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి ఎనిమిదైతే?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని తాను నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నట్టు కోమలకు అప్పుడే తెలిసింది. ఎనిమిదో పేలిక కట్టింది. నాలుగూ నాలుగు. ఎడమ అంచుది ముగ్గురిని దాటింది. ఇప్పుడు కుడిన ఐదు. కుడి అంచుది దాటాలంటే నలుగురిని దాటాలి. ఒక పక్క మూడు, ఒక పక్క నాలుగు.

"కుంటుతాంది," అంది పుల్లమ్మ.

"ఔ. కోల దెబ్బలు ఒకపారి మూడు, ఒకపారి నాలుగైతయి. తాళం తప్పుతది. ఏడైతే రెండు పక్కలా మూడే." కోమల గొంతు తగ్గించి, తనకు తాను చెప్పుకున్నట్టు అంది. "నడిచే ఒకామెను తీసేస్తే కడమ ఆరుగురు చెరి సగం. గందుకే ఏడు కావాలె అక్కా. ఎనిమిది పనికిరాదు, ఆరు పనికిరాదు."

పుల్లమ్మ ఎనిమిదో పేలికను విప్పి పక్కన పెట్టి, "మంచిగుంది," అంది. బయట ఆర్టీసీ బస్సు వచ్చి పోయింది.

శుక్రవారం కోమల పేలికలు తీసుకుపోలేదు. షెడ్డులోకి పోయి, గోడకు ఆనించిన తన కోలను తీసుకుంది. "అన్నా, ఒక్కపారి మనుషులతోని చూడున్రి. పడకుంటే మళ్ల ఈ షెడ్డు మొఖం చూడను," అంది.

పరశురాం సుహాసిని వైపు చూశాడు. గుర్వమ్మ, "చూస్తె ఏం పోతది, ఎల్లుండే పోటీలాయె. ఆరుగురితోని జడ బక్కగ పడుతాంది," అంది. సుహాసిని నుదురు చిట్లించి, "ఎట్ల జేసినా ఒకామె ఎక్కువే గద సిస్టర్? ఏడు ఏడే," అంది.

"ఎక్కువే అక్కా. ఎవలు ఎక్కువనో చూద్దాం."

అందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది. సుహాసిని తనంతట తానే నడుమ నిలబడింది. కోమలకు ఎడమ అంచు మిగిలింది. అది మంచిదే. ఆ చోటునుంచే ఆట మొదలవుతుంది.

"దాటేటామె తన దిక్కున్న ముగ్గురికి ముందుకెల్లి పోవాలె. ఒక్కొక్కరికి ఒక్క కోల దెబ్బ. మూడు దెబ్బలు, నడుమ సందుల నిలబడుడు. తర్వాత ఆ దిక్కు అంచున ఉన్నామె. జోడీ లేదంటిరి గదన్నా, ముగ్గురు జోడీలు ఒక్కొక్కరికి," అని చెప్పింది.

పరశురాం తాళం అందుకున్నాడు. కోమల కదిలింది. పక్కామె కోల, గుర్వమ్మ కోల, మూడోది సుహాసిని కోల. అది ఎప్పటిలాగే కొసన తాకి వెనక్కి పోయింది. కోమల సందులో చేరింది. కుడి అంచున ఉన్నామె బయలుదేరింది. ఒకామె తప్పటడుగు వేసింది, నవ్వులు వచ్చాయి, ఆపి మళ్లీ మొదటినుంచి పట్టారు. ఈసారి ఎవరూ తప్పలేదు. మూడు దెబ్బలు, సందు. మూడు దెబ్బలు, సందు. కొక్కెం కింద ఏడు రంగుల వెడల్పు జడ దిగసాగింది. పరశురాం తలెత్తి దాన్నే చూస్తూ తాళం వేస్తున్నాడు. ఆయన ముఖంలో గురువు పోయి, బడిపిల్లవాడు కనిపించాడు.

ఆరుగురు దాటారు. నడుమ నిలబడిన సుహాసిని వంతు అందరికంటే ఆఖరున వచ్చింది. ఒకటి, రెండు, మూడు దెబ్బలు కొట్టి సందులోకి అడుగు వేసిందో లేదో, పరశురాం తాళాలు బిగబట్టాడు.

"ఆగున్రి! ఎక్కడోళ్లు అక్కడ్నే."

అందరూ నిలబడిపోయారు. ఆయన ఎడమ వైపు చూశాడు, ముగ్గురు. కుడి వైపు చూశాడు, ముగ్గురు. నడుమ ఖాళీలో, తాడు పట్టుకొని, ఒంటరిగా సుహాసిని.

"ఎక్కువామె ఎవలో ఇప్పుడు చెప్పున్రి," అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. నిజంగానే అప్పుడే కనిపించి అడిగాడు.

గుర్వమ్మ పకపకా నవ్వింది. సుహాసిని ఎడమ వైపు చూసింది, కుడి వైపు చూసింది. ఎక్కడ నిలబడాలో ఆమెకు తోచలేదు. అడగడానికి అక్కడ ఒక్కరే ఉన్నారు.

"సిస్టర్... నేను యాడ నిలవాలె?"

సోమవారం నుంచి దాచుకున్న మాటలన్నీ కోమల నోటి దాకా వచ్చాయి. ఒక్కటి కూడా అనాలనిపించలేదు. "మా దిక్కే అక్కా. గుర్వమ్మవ్వ పక్కకు రా. ఇప్పుడు నా వంతు," అంది.

సుహాసిని వచ్చి నిలబడింది. తాళం మళ్లీ మొదలైంది. కుడి అంచుకు చేరిన కోమల కదిలింది. మొదటి దెబ్బ పక్కామెతో. రెండోది గుర్వమ్మతో. మూడోదానికి సుహాసిని చెయ్యి ఒక్క క్షణం తటపటాయించి, ముందుకు వచ్చింది. కోల కోల నిండుగా తగిలి, ఆ చప్పుడు రేకుల మీద మోగింది.